సవరణ: లండన్ ట్యాక్సీ డ్రైవర్ల మెదడు గురించి

దారులు గుర్తుపట్టే నేర్పుపై గత వ్యాసంలో ఉన్న "ట్యాక్సీ నడిపితే మెదడు పెరుగుతుంది" అనే వాక్యాన్ని తొలగించాను. మెదడు శాస్త్రవేత్త ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనం అంత మాట అనలేదు. పరిశీలించింది 16 మంది డ్రైవర్లను. వారిలో హిప్పోక్యాంపస్ (దారులు, జ్ఞాపకాలకు తోడ్పడే మెదడు భాగం) వెనుక భాగం ఇతరులకన్నా పెద్దది, ముందు భాగం చిన్నది. ముందు భాగం చిన్నదనే ఈ రెండో మాటను మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు!

దారులు నేర్చుకోవడం వల్ల మెదడు మారిందా, అలాంటి మెదడున్నవారే ఆ వృత్తిలోకి వచ్చారా అన్నది అప్పటికి తేలలేదు. అందుకే 2011 అధ్యయనం ముఖ్యం. కేథరిన్ వూలెట్, మగ్వైర్ కలిసి 79 మంది అభ్యర్థులను శిక్షణ మొదట్లోనే స్కాన్ చేశారు. దాదాపు 25,000 వీధులు గుర్తుంచుకోవాల్సిన లండన్ ట్యాక్సీ లైసెన్సు పరీక్షలో 39 మంది నెగ్గారు. తర్వాత చూస్తే వెనుక భాగం పెరిగింది నెగ్గినవారిలోనే. మొదట్లో మాత్రం నెగ్గినవారికీ తప్పినవారికీ తేడా లేదు.

నడపడం ఒక్కటే కారణమైతే బస్సు డ్రైవర్లలోనూ ఇదే కనిపించాలి. 2006లో మగ్వైర్ బృందం ట్యాక్సీ, బస్సు డ్రైవర్లను పోల్చి చూస్తే కనిపించలేదు. బస్సు వెళ్లే దారి ముందే ఖాయం కదా.

పిల్లల మెదడు పెంచుతామనే కోర్సులకు దీన్ని ఆధారంగా చూపకండి. ఇందులో పాల్గొన్నవారంతా పెద్దలు.