ఉడుత ముందే చెప్పింది

2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు, విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్లో సబ్సిడీ టమాటాల క్యూలో గంటసేపు నిలబడి ఒక శపథం చేశాను. ఇక మా టమాటాలు మా మేడ మీదే పండాలి. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఫోన్లో విత్తనాలు ఆర్డర్ పెట్టేశాను.

మామూలు హైబ్రిడ్ కాదు, హెయిర్‌లూమ్. అంటే తాతల నాటి విత్తనం అన్నమాట. ఈ ఏడు కాయలో గింజ దాచుకుంటే వచ్చే ఏడూ అదే కాయ. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే ఎవరి పోలిక వస్తుందో చెప్పలేం. ప్యాకెట్ మీద చిట్టి పుచ్చకాయల్లా చారలు చారల కాయల బొమ్మ, పేరు గ్రీన్ జీబ్రా. తర్వాత తెలిసింది, ఇది అమెరికాలో టామ్ వాగ్నర్ అనే ఆయన 1983లో బయటపెట్టిన రకమట. మావారి కంటే చిన్నది, తాతల నాటిది ఎలా అయిందో మరి. పది గింజలు 150 రూపాయలు. "గింజ పదిహేనా?" అని మావారు అడిగిన ప్రశ్నకి ఇంతవరకూ జవాబివ్వలేదు.

ఖాళీ ప్యాకెట్‌ని మడిచి, ఊగుతున్న కుండీల స్టాండు కాలి కింద దోపేశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆగస్టు చివర్లో కాగితం టీ కప్పుల్లో కొబ్బరి పొట్టు నింపి, కప్పుకో గింజ పెట్టాను. మా మావయ్య గారు చోడవరం దగ్గర పల్లెలో చెరకు వేసి, బెల్లం వండి, అనకాపల్లి మార్కెట్‌కి తోలిన మనిషి. కప్పుల వరస చూసి, "నారుకి టీ పోస్తన్నావేటమ్మా?" అన్నారు. ఆయనకి టమాటా అంటే ఇప్పటికీ రామ్ములక్కాయే. వారం తిరిగేసరికి ఏడు మొలిచాయి. ప్రేమ ఎక్కువై రోజుకి మూడుసార్లు నీళ్ళు పోస్తే మూడు మొదలు కుళ్ళి పడిపోయాయి. మిగిలిన నాలుగూ అక్టోబర్లో కుండీల్లోకి మారాయి.

అక్టోబర్ అంటే మన ఊళ్ళో తెలుసుగా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుని చూసినవాళ్ళం, టీవీలో 'వాయుగుండం' అన్న మాట వినిపిస్తే చాలు, బట్టల కంటే ముందు కుండీలు లోపలికి తెస్తాం. రెండుసార్లు నాలుగు కుండీలూ మెట్ల మీదుగా హాల్లోకి, మళ్ళీ హాల్లోంచి మేడ మీదకి. రెండుసార్లూ వాయుగుండం మమ్మల్ని పట్టించుకోలేదు. నా నడుము మాత్రం పట్టేసింది.

పూత వచ్చింది గానీ నిలవలేదు. టమాటా పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి, కాస్త కదిలిస్తే చాలు పుప్పొడి రాలి కాయ కడుతుందని చదివి, రోజూ పొద్దున్నే పూలని వేలితో టక్‌మని కొట్టడం మొదలుపెట్టాను. "పాపం, ఏం తప్పు చేసాయని మొట్టికాయలు వేస్తన్నావు?" అన్నారు మావయ్య గారు. కానీ కట్టాయండీ కాయలు! నిమ్మకాయంత, ముదురాకుపచ్చ చారలతో, ముట్టుకుంటే నున్నగా. ఫోటోలు తీసి ఆడపడుచులిద్దరికీ పంపాను. సంక్రాంతికి మా మేడ మీది టమాటాలతోనే వంట అని మాట కూడా ఇచ్చేశాను.

ఇక ఎర్రబడటమే తరువాయి. డిసెంబర్ అయిపోయింది, ఎర్రబడలేదు. భోగి మంట వేశాం, ఎర్రబడలేదు. పైగా ఆకుపచ్చలోకి ఏదో పసుపు ఛాయ దిగి, పట్టుకుంటే మెత్తగా తగులుతున్నాయి. తెగులే అనుకుని ఐదారు కోసి పారేసి, మిగతా వాటికి వేపనూనె కొట్టాను.

ఇది చాలదన్నట్టు ఒక ఉడుత తయారైంది. ఏ కాయ మెత్తబడితే సరిగ్గా ఆ కాయ దగ్గరికే వచ్చి, రెండు చేతులతో పట్టుకుని సగం తినేసి పోయేది. "పచ్చి కాయలు కొరికి పాడు చేస్తోంది, బుద్ధిలేని ఉడుత" అని తిట్టి, పాత దోమతెర తెచ్చి నాలుగు కుండీలకీ కట్టేశాను. గోడ మీద కూర్చుని అది నన్ను చూసిన చూపు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మావయ్య గారి సలహా మీద నాలుగు కాయల్ని అరటిపండుతో పాటు బియ్యం డబ్బాలో మగ్గబెట్టాం. అరటిపండు మగ్గింది. టమాటాలు పగిలాయి. ఐదు కిలోల బియ్యం, చీమలతో సహా, మేడ మీద ఆరబోసుకున్నాం.

కనుమ మర్నాడు ఓపిక నశించింది. పండకపోతే పోయె, పచ్చి టమాటా పచ్చడైనా చేద్దామని ఉన్నవన్నీ కోసేశాను. పచ్చికాయలు ఎలాగూ పులుపే కదా అని చింతపండు మానేశాను. నువ్వులు, పచ్చిమిర్చి వేయించి, రోట్లో కచ్చాపచ్చాగా నూరి, ఇంగువ పోపు పెట్టాను.

మావయ్య గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"అమ్మాయ్, బెల్లం ఏసావా?"

"లేదండీ."

ఇంకో ముద్ద తిన్నారు. కళ్ళు మూసుకున్నారు. "బెల్లం నాకు తెలీదేటమ్మా?"

ఒట్టు వేసినా నమ్మలేదు. పోపు కోసం పక్కన పెట్టి మరిచిపోయిన ఒక్క కాయ ఉంటే ఆయన ముందే కోశాను. లోపలా ఆకుపచ్చే, కానీ గుజ్జు వణుకుతోంది, రసం పళ్ళెంలోకి కారింది. ఆయన ఒక బద్ద, నేనొక బద్ద. తియ్యగా, వెనకాల సన్నటి పులుపు.

పరిగెత్తి వెళ్ళి స్టాండు కాలి కింద ప్యాకెట్ లాగాను. స్టాండు ఊగింది. మడత విప్పితే చివరి లైను: పండినా పచ్చగానే ఉంటుంది, మెత్తబడగానే కోయండి.

మావయ్య గారు ఏమీ అనలేదు. పళ్ళెంలో మిగిలిన గింజల్ని జాగ్రత్తగా ఏరి, కడిగి, కాగితం మీద ఆరబెట్టారు. తర్వాత మేడెక్కి దోమతెర విప్పేశారు.

రాత్రి మావారు బి షిఫ్ట్ నుంచి వచ్చి, అన్నంలో పచ్చడి కలుపుకుని తిన్నారు.

"బాగుందోయ్" అన్నారు. "ఈసారి బెల్లం కొంచెం తగ్గించు."