నిర్వాహక హక్కుల మూటకు ఒక లేఖ

నిర్వాహక హక్కుల మూట గారికి,

నమస్కారం. మీకేం, మిమ్మల్ని విడగొట్టిన ప్రతిసారీ ఇంకాస్త లావెక్కుతున్నారు. చిక్కిపోతున్నది మేమే.

వికీల్లో పేజీలు తొలగించడం, వాటికి తాళం వెయ్యడం, అల్లరివాళ్లని నిరోధించడం లాంటి అధికారాలన్నీ కలిపి కట్టిన మూట మీరు. మీరు పుట్టిన కొత్తల్లో ఇంత హంగామా లేదు. నిర్వాహకుడు కావడం పెద్ద విషయమేమీ కాదని 2003లో వికీపీడియా స్థాపకుడు జిమ్మీ వేల్స్ ఇంగ్లీషు వికీపీడియా వాళ్లకి రాశాడు. ఆ మాట నమ్మి నిలబడ్డవాళ్లు ఇప్పటికీ అక్కడ ఎప్పుడో చేసిన దిద్దుబాటుకి సంజాయిషీ ఇచ్చుకుంటుంటారు. తోటి వాడుకరుల ఓట్లలో మద్దతు 75 శాతం దాటితే సాధారణంగా గట్టెక్కినట్టే, 65 లోపయితే ఇంటికే, మధ్యలో ఆగితే బ్యూరోక్రాట్లు (హక్కులిచ్చే అధికారులు) కూర్చుని తర్జనభర్జన పడతారు. ఇదంతా జీతం లేని ఉద్యోగానికి!

ఒక్కడి చేతిలో ఇన్ని తాళంచెవులెందుకని మిమ్మల్ని విప్పడం మొదలైంది. అక్కడే 2008లో, చెడ్డ మార్పుని ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్ విడిగా ఇచ్చారు, 2013లో మూసలు (చాలా పేజీల్లో ఒకేసారి వాడే అచ్చులు) దిద్దే హక్కు. 2018లో వికీమీడియా వికీలన్నిటా, సైటంతటికీ నడిచే జావాస్క్రిప్టు కోడుని మార్చే అధికారాన్ని మామూలు నిర్వాహకుల నుంచి తీసేసి ఇంటర్‌ఫేస్ నిర్వాహకులనే కొత్త వర్గానికి ఇచ్చారు. ఇది మాత్రం తెలివైన పనే, ఒప్పుకుంటాను. ఒక్కరి పాస్‌వర్డు దొంగ చేతిలో పడితే పేజీ తెరిచిన ప్రతివాడి బ్రౌజర్లోనూ వాడి కోడే నడుస్తుంది మరి. ఇక ఐపీ అడ్రసులు చూసే చెక్‌యూజర్లు, ఒక వికీలో ఉంటే కనీసం ఇద్దరుండాలి, లేదా అసలుండకూడదు. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచాలిగా.

ఇవన్నీ జనం ఉన్నచోట బాగానే ఉంటాయి. మాది వేరే చిన్న వికీ, సాఫ్ట్‌వేర్ మాత్రం అదే. పెద్దవాళ్లని చూసి మేమూ మిమ్మల్ని ముక్కలు చేశాం. ముక్కలు ఆరు, మనుషులు నలుగురు. హక్కులిచ్చే పేజీలో ఒక్కో వర్గం పక్కన టిక్కు పెట్టే గడి ఉంటుంది, కొన్నిటికి చిన్న నక్షత్రం. ఒకసారి ఇస్తే ఇచ్చినాయన మళ్లీ తీసుకోలేడని దాని అర్థం. మాకు హక్కులిచ్చే అధికారి గారికి అది ఆలస్యంగా తెలిసింది.

మొన్న రాత్రి పన్నెండున్నరకి ఎవడో నదుల పేజీల్లో వరసగా బూతులు రాయడం మొదలెట్టాడు. నాకున్నది రోల్‌బ్యాక్ ఒక్కటే. వాడు రాస్తాడు, నేను నొక్కుతాను, వాడు మళ్లీ రాస్తాడు. వాణ్ణి నిరోధించగలిగినాయన నిద్రపోతున్నాడు. పేజీకి తాళం వెయ్యగలిగినావిడ ప్రయాణంలో ఉంది. పేజీలు తొలగించే హక్కున్నాయన ఏడాదిగా కనబడట్లేదు, హక్కు మాత్రం ఆయన పేరు పక్కన పదిలంగా ఉంది (కనబడినా నదుల్ని తొలగించమనలేం కదా). రెండింటికి వాడికే నిద్రొచ్చినట్టుంది, పోయాడు. వాడికి ఏ హక్కూ లేకపోయినా పని ఎక్కడా ఆగలేదు.

పొద్దున్నే చర్చ పెట్టారు. అధికారాన్ని ఇంకా బాగా పంచాలని, 'రాత్రి కాపలాదారు' అని ఏడో ముక్క చెయ్యాలని తీర్మానించారు. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అడిగేసరికి నేను నిద్రలో ఉన్నాను.

లేచి చూసేసరికి నా పేరు పక్కన టిక్కు పడి ఉంది. నక్షత్రంతో సహా.

ఇట్లు,
మీ ఏడో ముక్క