దయచేసి ఈ గట్టుకు తారు వేయకండి

మన పేపర్లలో 'గ్రావెల్' అన్న మాట ఇన్నాళ్లూ ఒంటరిగా కనిపించిన పాపాన పోలేదు. వెనకాల 'అక్రమ తవ్వకాలు' అనో, 'టిప్పర్లు సీజ్' అనో తోక ఉండేది. ఇప్పుడా మాటకు మంచి రోజులొచ్చాయి. రెండేసి లక్షలు పోసి కొనే సైకిలుకు ఆ పేరు పెట్టారు. గ్రావెల్ బైక్ అంటే ఎర్రమట్టి మోసేది కాదు. రోడ్డని చెప్పుకోడానికి రోడ్డుకే సిగ్గేసే చోట తొక్కేది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఎంపోరియాలో 2006లో మొదలైన 200 మైళ్ల పందేనికి దేశదేశాల నుంచి పోతారు. అక్కడి చెకుముకి రాళ్లు టైరును బ్లేడులా కోస్తాయట. ఆ కోత కోసమే అంత గిరాకీ.

కోనసీమ ఉండగా అంత దూరం దేనికి? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర కాలువలు పొలాలకే కాదు, పడవలకూ పనికొచ్చాయి. మనుషులు గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాక్కెళ్లేవారు. నీటి మట్టం దిగిన చోటల్లా పడవను ఎక్కించి దించే తలుపుల లాకులు. అంటే మనిషి ఒంట్లోని బలం తప్ప ఇంకే ఇంజనూ అక్కర్లేకుండా, ఎత్తూ పల్లం లేకుండా, చెట్ల నీడతో సహా కట్టిన దారి అది. బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల వైపు కాలువ పక్కన పోతుంటే తెలుస్తుంది, ఆ దారి సైకిలు కోసమే పుట్టిందని. ఒక్కటే ప్రమాదం పొంచి ఉంది. గట్టు మీద కాపురాలుండే జనం తారు రోడ్డు కావాలంటున్నారు.

ఆ కోరికను అడ్డుకోవడమే ఈ వ్యాసం ధ్యేయం.

మామూలు తారు రోడ్డుకు 28 మిల్లీమీటర్ల టైరు చాలు. గ్రావెల్ బైకుకు 40 వేస్తారు. ఆ అదనపు 12 మిల్లీమీటర్ల కోసమే కదా అంత డబ్బు పోసింది! తారు పడితే ఆ సొమ్మంతా గోదాట్లో కలిసినట్టే. కాబట్టి 40 ఎంఎం కంకర పరిచి, రోలరు తిప్పకుండా, బిల్లు రాలేదని వెళ్లిపోయిన కాంట్రాక్టరును తిట్టడం తగదు. ఈ క్రీడకు ఆయన చేసిన సేవ ఇంకెవరూ చేయలేదు. (ఆ కంకర మీద ముందు బ్రేకు పట్టకూడదు. బరువు వెనక్కి వేసి, ట్రాక్టరు చక్రం అణిచిన జాడలోనే పోవాలి. జాడ తప్పితే ముందు చక్రం నాగలిలా దిగబడుతుంది. మీరు మాత్రం ఆగరు.)

చాలాచోట్ల కాలువకు ఒక గట్టు తారు, రెండోది మట్టి. మట్టి గట్టు ఎక్కేముందు తర్వాతి వంతెన ఎక్కడో చూసుకోవాలి. లేకపోతే మూడు నాలుగు కిలోమీటర్లు పోయాక దారి తుప్పల్లో కలిసిపోతుంది. ఎదర గట్టు మీద టీ కొట్టు కనిపిస్తూనే ఉంటుంది, మధ్యలో కాలువ. పంటబోదెల మీద వేసిన కొబ్బరి దుంగలను వంతెనలని నమ్మి తొక్కుకుంటూ పోకండి. దిగి నడవండి. నడిచేటప్పుడు కూడా బూటు అడుగున ఉండి దాన్ని పెడలుకు బిగించే ఇనప క్లీటు తడి దుంగ మీద జారుతుంది. బంకమట్టి కూరుకుంటే అదే క్లీటు పెడలును వదలదు. పడిపోవాలని ముందే తెలిసి, తీరిగ్గా పడిపోయే అవకాశం ఈ ఆటలోనే ఉంది.

టీ కొట్టు దగ్గర ఆగినవాళ్లు వినే ప్రశ్నలు ఏ ఊళ్లోనైనా ఇవే.

"ఇదెంతండి?"

"రెండు లక్షలండి."

"ఆయ్. స్టాండేదండి మరి?"

"ఉండదండి."

"కేరేజీ?"

"ఉండదండి."

"మడ్‌గార్డులూ లేవేటండి. అయితే రెండు లక్షలూ దేనికండి?"

దీనికి జవాబు ఇంకా ఏ కంపెనీ కనిపెట్టలేదు. పైగా అడిగినాయన వచ్చిన పాత సైకిలు టైరు మీద 28 x 1½ అని ఉంటుంది. మిల్లీమీటర్లలో చెప్పుకుంటే దాని వెడల్పు ఇంచుమించు 40. చైను నిండా కవరు, బురద పడకుండా మడ్‌గార్డులు, గుంతలో తొణక్కుండా పొడుగాటి చట్రం, వెనకాల రెండు కొబ్బరి గెలలు. పరిశోధకులు ఏళ్ల తరబడి శ్రమించి చేరుకుంటున్న గమ్యానికి ఆయన నలబై ఏళ్ల కిందటే చేరి, అక్కడే టీ తాగుతున్నాడు. గేర్లు లేవు నిజమే. డెల్టాలో ఎక్కడానికి వంతెన తప్ప ఏముంది? మీ 11 గేర్లూ మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి కొట్టే ఎదురుగాలికి తప్ప అక్కరకు రావు.

కాలం విషయంలో మాత్రం పరాచికాలొద్దు. వానాకాలంలో గట్టు ఎక్కితే నల్లమట్టి, గడ్డిపోచలు కలిసి టైరుకూ చట్రానికీ మధ్య ఉన్న అయిదారు మిల్లీమీటర్ల సందులో సిమెంటులా పట్టేస్తాయి. చక్రం తిరగనంటుంది. బలం చూపించి తొక్కితే గేరు మార్చే డిరెయిలర్ వెనక్కి మెలిపడి, దాన్ని పట్టుకునే హ్యాంగర్ పుటుక్కుమంటుంది. వేలెడంత అల్యూమినియం ముక్క. ఒక్కో మోడలుకు ఒక్కో ఆకారం, పక్క ఊళ్లో దొరుకుతుందని ఆశ వద్దు, రెండోది సంచిలో ఉండాల్సిందే. మట్టి పట్టడం మొదలవగానే దిగి, గడ్డి అంచున నడుస్తూ, కొబ్బరి మట్ట ముక్కతో గీకెయ్యాలి. సైకిలును గేదెలా కాలువలోకి దించకండి, నీళ్లు బేరింగుల్లోకి పోతాయి. ట్రాక్టర్లు కడిగే పంపు అంతకన్నా చేటు.

ఎండాకాలం మేలనుకుంటారేమో! ఏప్రిల్ మూడో వారం ప్రాంతంలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, ఆ మట్టి తెచ్చి గట్టు మీదే పోస్తారు. అది ఎండితే ఏనుగులు తొక్కిన చెరువులా ఉంటుంది. మిగిలింది డిసెంబరు నుంచి ఫిబ్రవరి. మొదట్లో రోడ్డంతా ధాన్యమే. తేమ 17 శాతానికి దిగితే గానీ కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, కళ్లాలు లేవు, తారు త్వరగా వేడెక్కుతుంది. దాని మీంచి తొక్కితే గింజలు గోళీల్లా దొర్లి ముందు చక్రాన్ని లాగేస్తాయి. అది జరగకపోయినా పక్కన పార పట్టుకుని నుంచున్న రైతు ఉంటాడు. తారు ఎందుకు కావాలంటున్నారో అక్కడ కొంచెం అర్థమవుతుంది, కానీ మన ధ్యేయం మారదు.

పంక్చరు గురించి గర్వం వద్దు. గట్ల మీద పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. ట్యూబులేని టైరులో పాలలా ఉండే సీలెంటు ద్రవం 60 నుంచి 90 మిల్లీలీటర్లు పోస్తే చిన్న బెజ్జాలు వాటంతటవే పూడతాయి. మన ఎండకు అది రెండు మూడు నెలల్లో ఎండి అట్ట కడుతుంది, మళ్లీ పోయాలి. మరిచిపోయినవాళ్లు పంక్చర్ షాపుకు చేరతారు. నీళ్ల టబ్బు సిద్ధంగా పెట్టుకున్న మనిషి "ట్యూబేదండి?" అంటే, "లేదండి, పాలు పోశాం" అని చెప్పుకోవాల్సిన గతి. ఆయన పంపు ఈ సైకిళ్లకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకు పట్టదు. గోరంత ఇత్తడి అడాప్టరు జేబులో ఉంటే పరువు దక్కుతుంది.

ఇక చరిత్ర. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఒకే శిలలో ముందు నుంచి విష్ణువు, వెనక నుంచి మోహిని. ముందొక రూపం, వెనకొక రూపం ఆయనకు చెల్లుతుంది. ప్యాడ్ ఉన్న బిగుతు నిక్కరులో వచ్చిన భక్తుడికి చెల్లదు. సంచిలో పల్చటి పంచె ఒకటి ఉంచుకోండి. కట్టుకోవచ్చు, తుడుచుకోవచ్చు, పడుకోవచ్చు. పి.గన్నవరం దగ్గర కాలువ వైనతేయ నదినే పైనుంచి దాటుతుంది. కొత్త అక్విడక్టుకు ఆకలన్న వాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు. దాని మీద నుంచుని ఎనర్జీ జెల్ పొట్లం చీకడం చూసేవాళ్లకు బాగుండదు. దాంట్లో ఉండే పాతిక గ్రాముల పిండిపదార్థం రావులపాలెం అరటిపండులోనూ ఇంచుమించు అంతే. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం ఫ్రేము సంచిలో పెట్టకండి, ఇంటికి పొడి చేరుతుంది.

గాలి సంగతి. డెబ్బై కిలోల మనిషికి మట్టి గట్టు మీద వెనక టైరులో 32 పిఎస్‌ఐ, ముందు రెండు మూడు తక్కువ. ఎంత మొత్తుకున్నా కొన్ని గట్లకు తారు పడుతూనే ఉంటుంది. అలాంటి చోట అంబులెన్సు గుమ్మం దాకా వస్తుంది, బడి పిల్లల యూనిఫాంకు బురద ఉండదు, జనం ఎందుకో సంతోషంగా కనిపిస్తారు. నొచ్చుకోకండి. వెనక ఎనిమిది పిఎస్‌ఐ పెంచుకుని ముందుకు పోండి.