మిలటరీ కత్తి గారికి, బరంపురం నుంచి

మహారాజశ్రీ మిలటరీ కత్తి గారికి,

బరంపురం నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా రెండు చోట్లా క్షేమమేనని తలుస్తాను. ఒక చోటు మా వంటింటి గట్టు, అక్కడ తమరి పిడి ఉంది. రెండోది పక్కింటివారి అరటిమొక్కల మధ్య, నిన్న సాయంత్రం తమరి అలుగు ఎగిరి పడిన చోటు. మనుషులెవరూ అడ్డం రాలేదు, మా అదృష్టం.

జరిగింది తమరికి తెలియంది కాదు. చిక్కుడు పందిరికి వెదురు చీల్చాలి. ఇంట్లో కత్తి చేతికి దొరక్క మా అత్తగారు తమరిని పెట్టెలోంచి తీశారు. వెదురు మీద పెట్టి కర్రముక్కతో రెండు దెబ్బలు వేశారు. మూడో దెబ్బ వేసే అవసరం రాలేదు. ఆవిడకి డెబ్బై దాటాయండీ. తమరి బొమ్మలో మాత్రం గడ్డం పెంచిన కండలవీరుడొకడు తమరితో దుంగని నిలువునా చీలుస్తున్నాడు.

కొన్నది మా అత్తగారి కోసం కాదని కూడా తమరికి తెలుసు. మా మేనల్లుడు ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో దక్షిణ సూడాన్ వెళ్తున్నాడు, ఎల్లుండి ఇక్కడ రైలెక్కుతాడు. 1950లో కొరియాకి వైద్యదళాన్ని పంపినప్పటి నుంచీ మనవాళ్ళు ఇలా వెళ్తూనే ఉన్నారు. వెళ్ళేవాడి పెట్టెలో తలా ఒకటి దూర్చాలని ఇంట్లోవాళ్ళు తాపత్రయపడటమూ అప్పటి నుంచే అయ్యుంటుంది. అమ్మమ్మ అప్పడాలు, అమ్మ నిమ్మకాయ పచ్చడి, పిన్ని మా జిల్లా బెలగుంఠలో చేసే ఇత్తడి చేప. మిగిలింది మేనమామ. ఏం కావాలిరా అంటే వాడు చెప్పింది ఇంతే: "ఒక గట్టి కత్తి చాలు మావయ్యా. పెద్దది వద్దు, నాలుగైదు అంగుళాల అలుగుంటే అదే పదివేలు. అక్కడ కత్తులతో యుద్ధం ఏటీ ఉండదు. పెట్టెలకున్న ప్లాస్టిక్ పట్టీలు తెంపాలి, తాళ్ళు కొయ్యాలి, గుడారానికి మేకులు చెక్కాలి. విరక్కుండా ఉంటే అంతే."

విరక్కుండా ఉంటే అంతే. ఆ ఒక్క మాట పట్టుకునే ఆన్‌లైన్‌లో వెతికాను. తమరి పేజీలో ఆ మాట పెద్దక్షరాల్లోనే ఉంది. అలుగు ఉక్కు పిడి చివరిదాకా ఒకే ముక్కగా వెళ్తుందనీ, ఎంత మోదినా ఊడదనీ. పక్కన కోసి చూపించినట్టు ఒక బొమ్మ కూడానూ.

చిన్నచిన్నవి ముందు కానిచ్చేస్తాను. పిడి మడమలో బిగించిన దిక్సూచి ఉత్తరం ఎటంటే గోపాలపురం సముద్రం వైపు చూపించింది. ఇక్కడ పాలు తాగే పిల్లాడికైనా తెలుసు, సముద్రం తూర్పునుంటుందని. తమరి వెన్ను మీది రంపపు పళ్ళు కర్రని కొయ్యవు, వెన్ను మీద కర్రతో కొట్టబోతే ఆ కర్రనే కొరుక్కు తింటాయి. ఐదు చుక్కలిచ్చిన మహానుభావులందరూ "ప్యాకింగ్ బాగుంది" అనే రాశారు, ఇప్పుడర్థమైంది, వాళ్ళెవరూ పెట్టె విప్పలేదు. అలుగు తొమ్మిదంగుళాల పొడవో రెండంగుళాల వెడల్పో దాటితే ఆయుధాల నిబంధనల్లోకి వస్తుంది, ఇంటి పనికీ పొలం పనికీ చేసినవైతే తప్ప. తమరు ఐదంగుళాలే. చట్టమూ తమరిని లెక్కచెయ్యలేదు, వెదురూ లెక్కచెయ్యలేదు.

ఇంకోటి. మా అత్తగారి లెక్కలో ఉప్పు, కారం, కత్తి చేతిలోంచి చేతిలోకి ఇవ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలి. డెలివరీ కుర్రాడు "ఓటీపీ కుహంతు" అని, అంటే ఓటీపీ చెప్పండని ఒడియాలో అడిగి, తమరిని సరాసరి నా చేతిలో పెట్టాడు. మన తగువు అక్కడే మొదలైందని ఆవిడ నమ్మకం. నా నమ్మకం వేరు.

అరటిమొక్కల్లోంచి తెచ్చి వెలుతురులో పెట్టి చూశాను. అలుగు పిడి దగ్గరికొచ్చేసరికి వేలెడు కూడా లేకుండా ఆగిపోయింది. ఆ మోడుకి పెన్సిల్ లావు మరసీల ఊచ ఒకటి, ఒక్క చుక్క వెల్డింగుతో అతికించారు. ఊడింది ఆ చుక్క. విరిగిన చోట నడిమధ్యన గింజంత మేర కొత్తగా మెరుస్తోంది, చుట్టూ అంతా నల్లగా ఉంది. అంటే ముందు నుంచీ పట్టుకున్నది ఆ గింజంత మేరే. పిడి లోపల మైనంలాంటి జిగురు, మిగతాది గాలి. పైన చూస్తే ముద్దొచ్చే నల్లరబ్బరు, వేళ్ళకి గాడులు. సంబంధం చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి ముందుగది చూపించి వెనకగది తలుపు వేసేసినట్టుంది నీ యవ్వారం.

నీ ఒంటి మీద 420 అని చెక్కి ఉంది. అది స్టెయిన్‌లెస్ ఉక్కు రకమని నేను చెప్పాను. కాదు, సెక్షనని మా తమ్ముడన్నాడు. 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయ సంహితలో ఆ మోసం సెక్షన్ 318 అయిపోయింది, నువ్వింకా పాత నెంబరు మీదే నడుస్తున్నావు. ఆ ఉక్కుని నేను తిట్టను. మెత్తన, వాదర తొందరగా మొద్దుబారుతుంది, కాని తుప్పుకి తట్టుకుంటుంది. నిజానికి అలుగు మీద గాటు కూడా పడలేదు. అదే నా కడుపుమంట! కనిపించే చోటంతా పరవాలేదు, కనిపించని ఒక్కచోటే కక్కుర్తిపడ్డారు. ఇంకో నాలుగంగుళాల ఉక్కు పిడిలోకి పోనిచ్చి, రెండు రివెట్లు కొడితే నీ యజమాని కొంప మునిగేదా?

వాపసు తీసుకోమని రాత్రి సహాయకేంద్రంతో మాట్లాడాను. మనిషి కాదు, యంత్రం. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది. ఫొటో పెట్టమంది, పెట్టాను. వస్తువు విరిగి ఉంది కాబట్టి వాపసు కుదరదంది. విరక్కుండా ఉంటేనే తీసుకుంటారట! విరగనిదాన్ని నేనెందుకిస్తాను తల్లీ అని అడిగితే, నా అనుభవానికి ఐదు చుక్కల్లో ఎన్నిస్తానని అడిగింది.

ఒరే కత్తీ, మా మేనల్లుడు వెళ్ళేది తెల్లనైలు ఒడ్డున మలకాల్‌కి. అక్కడ వానలు పడితే నల్లరేగడి బురదలో బండ్లు ఇరుసుల దాకా దిగిపోతాయి, దారులు మూసుకుపోతాయి. విరిగిందంటే ఇంకోటి కొనుక్కోవడానికి అక్కడ మా ఊరి గిరి మార్కెట్టు ఉండదు. చీకట్లో, వానలో, ఒక చేత్తో తాడు బిగబట్టి రెండో చేత్తో నిన్ను తీస్తాడు. అప్పుడు ఊడేవాడివి. అరటిమొక్కల్లో కాదురా, పక్కనున్నవాడి తొడలోకి పోయేవాడివి. పేజీ నిండా జవాన్ల బొమ్మలు, జవానుకి పనికొచ్చే చోట మాత్రం వెల్డింగు చుక్క. సిగ్గులేదూ? గోపాలపురంలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీని రోజూ చూసే ఊళ్ళం. ఆకుపచ్చ డబ్బాలో పెట్టి ఇస్తే మిలటరీ సరుకని కళ్ళకద్దుకుంటామనుకున్నారా?

పొద్దున్నే లారీల షెడ్ల వెనకున్న కొలిమికి వెళ్ళాను. కమ్మరాయన నీ తోకని వేళ్ళ మధ్య తిప్పి చూసి, సగం ఒడియాలో సగం తెలుగులో నవ్వాడు. పాత లారీ కమాను కట్ట ముక్క ఒకటి తీసి, ఎర్రగా కాల్చి సాగగొట్టి, మళ్ళీ కాల్చి నూనెలో ముంచాడు. అక్కడితో ఆపేస్తే అద్దంలా పెళుసుగా ఉంటుందట. అందుకని వాదర రుద్ది తెల్లగా చేసి, సన్నసెగ మీద మళ్ళీ వేడిచేశాడు. ఎండుగడ్డి రంగు ఎక్కగానే సెగ మీంచి తీసేశాడు. ఉక్కు పిడి చివర దాకా ఉంది, నేను కళ్ళారా చూశాను. అటొకటి ఇటొకటి తుమ్మచెక్కలు వేసి మూడు ఇత్తడి రివెట్లు కొట్టాడు. అందం లేదు. తుప్పు పడుతుంది కూడా, తుడిచి నూనె రాస్తుండాలి. రైఫిల్‌కి రాసే నూనె చుక్క దీనికీ రాస్తానన్నాడు మావాడు. ఇంటికొచ్చి అదే వెదురు మీద అత్తగారి చేతే కొట్టించాం, పందిరికి సరిపడా బద్దలు వచ్చాయి. విమానంలో చేతిసంచీలో కాకుండా అడుగున వేసే పెట్టెలో, గుడ్డలో చుట్టి సర్దేశాడు. వాడికిస్తున్నప్పుడు కింద పెట్టే ఇచ్చాను.

ఇక నీ సంగతి. పారేద్దామనుకున్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. ఉప్పుకీ మామిడి పులుపుకీ తుప్పు పట్టవని ఆవిడ పసిగట్టింది. ఊరగాయలు పెట్టే ఇంట్లో అది తక్కువ గుణమేం కాదు. కమ్మరాయన నీ మోడుకి ఇంకాస్త ఉక్కు గట్టిగా అతికి, చెక్కపిడి వేశాడు. నీ ఖరీదులో పదో వంతు కూడా తీసుకోలేదు. కొబ్బరికాయ జోలికి వెళ్ళకు, వెదురు వైపు చూడకు, మిలటరీ అన్న మాట ఇంట్లో ఎత్తకు. ఉసిరికాయలు కడిగి ఆరబెట్టారు, వచ్చి గాట్లు పెట్టు.

ఇట్లు,
ఓటీపీ చెప్పిన పాపానికి నీకు యజమానైనవాడు