నూరేళ్లూ నిండిన డిస్క్

పాటలూ వీడియోలూ రాసి దాచుకునే ఖాళీ డిస్క్ ఒకటి కొన్నాను. డబ్బా మీద బంగారు రంగు అక్షరాలతో ‘100 ఏళ్లు’ అని ఉంది. తొమ్మిదో ఏటే నా డిస్క్‌కు నూరేళ్లూ నిండాయి. కాబట్టి వాళ్లు అబద్ధమేమీ ఆడలేదు.

తెలిసినవాళ్లను అడిగితే, తప్పు నాదేనట. అవసరానికి తగ్గ రకం ఎంచుకోలేదట. సరే, ఎంచుకుందాం. పాటలకు 700 ఎంబీ సీడీ. వీడియోకు 4.7 జీబీ డీవీడీ. కంప్యూటర్‌లో పెడితే 4.38 అంటుంది, దానికి వెయ్యి అంటే 1024 మరి. ఇంకా ఆశ ఉంటే 8.5 జీబీ డబుల్ లేయర్, ఆపైన 25 నుంచి 128 జీబీ దాకా బ్లూ-రే. ఇంతవరకూ చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. అది చూసి ఓర్వలేని పెద్దలు కొందరున్నారు.

1997లో ఒక్కసారి మాత్రమే రాసుకోగలిగే డీవీడీ-ఆర్ వచ్చింది. 2002లో ఇంకో కంపెనీల కూటమి డీవీడీ+ఆర్ తెచ్చింది. అదే సైజు, అదే ఎరుపు లేజర్, దాదాపు అదే కెపాసిటీ. పైకి కనిపించే తేడా ఒక్క నిలువుగీత. నిజానికి మొదటిది మైనస్సే కాదు, మామూలు హైఫన్. పక్కింటివాడు ప్లస్ తగిలించుకునేసరికి పాపం ఊరికే కూర్చున్నది మైనస్ అయిపోయింది. అప్పట్లో ఒక ప్లేయర్ ప్లస్ మొహం చూసేది కాదు, ఇంకోటి మైనస్‌ను గడప తొక్కనిచ్చేది కాదు.

కొన్నాక అసలు వ్రతం మొదలు. డిస్క్ మీద రాయమని ‘బర్న్’ నొక్కగానే ఇంట్లో కర్ఫ్యూ. మౌస్ కదపకూడదు, బల్ల మీద మోచెయ్యి ఆనించకూడదు, తుమ్ము వస్తే పక్క గదిలోకి వెళ్లాలి. రాసే వేగం 16ఎక్స్ అని ఉన్నా భయభక్తులతో 4ఎక్స్‌లోనే రాయాలి. 80 శాతం. 90. అందరం ఊపిరి బిగబట్టాం. 97 దగ్గర ఎర్రర్. ట్రే దానంతటదే బయటికి వచ్చి, నాలుక చాపి వెక్కిరించినట్టు నిలబడింది. ఆ డిస్క్ ఇప్పుడు నా మంచినీళ్ల గ్లాసు కింద ఉంది. మళ్లీ మళ్లీ రాసుకోవచ్చని ఆర్‌డబ్ల్యూ కూడా కొన్నాను. వెయ్యిసార్లు రాయొచ్చట. రెండోసారి రాసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇన్ని గీతలూ అంకెలూ అచ్చేసినవాళ్లు, లోపల పూసిన రంగు ఏమిటో మాత్రం చెప్పరు. మామూలు ‘ఆర్’ డిస్క్‌లో మన డేటా ఉండేదే ఆ రంగులో. సైనైనా, థాలోసైనైనా, అజోనా? ఎండ తగిలితే ఏది ముందు వెలిసిపోతుంది? సీడీ అయితే పైన పెన్నుతో పేరు రాసే వైపే ప్రాణం ఉంటుందని, వార్నిష్ లాంటి పల్చటి పూత కిందే లోహపు పొర ఉంటుందని, కింద గీత పడటం కంటే పైన పడటమే ప్రమాదమని ఏ డబ్బా చెప్పింది? ఎక్స్‌లు చెప్పారు. జీబీలు చెప్పారు. కొనేవాడికి కావాల్సిన ఒక్క ముక్క మాత్రం దాచారు!

తొమ్మిదో ఏట పోయిన ఆ డిస్క్‌లో మా నాన్న ఉన్నాడు. ఎవరో కెమెరా పెడితే ‘తియ్యకురా’ అని చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. రెండో కాపీ ఎందుకు తీసుకోలేదంటారా? నూరేళ్లన్నారు కదండీ!

డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: డిస్క్ చెడితే కొత్త ఖాళీ డిస్క్ ఇస్తారట, అందులోని సమాచారంతో వాళ్లకు సంబంధం లేదట. ఉత్తరం రాశాను. మాట తప్పలేదు, పంపారు.

నాది మైనస్. వాళ్లు పంపింది ప్లస్.