ఎలాగూ పగలగొడుతున్నాం కదండీ!

తెలుగులో అన్నిటికంటే ఖరీదైన మాట ‘ఎలాగూ’. నిఘంటువుల్లో దీని ధర వేయలేదు కాబట్టి ఆ లోటు నేను పూడుస్తున్నాను: 3,40,000 రూపాయలు, లేబర్ కాకుండా.

బెజవాడలో మా ఫ్లాటు 2009 నాటిది. బాత్రూంలో నీళ్లు కారి, కింద ఫ్లాటు బాబాయిగారి సీలింగుకి అప్పడమంత చెమ్మ పట్టింది. నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ దగ్గర రెండు టైల్స్ తీస్తే చాలన్నాడు ప్లంబర్. తీశాడు. అలాంటివి ఇప్పుడు రావట్లేదని టైల్స్ షాపులో చెప్పారు. అదే డిజైను దొరికినా బ్యాచ్ మారితే షేడ్ కలవదట. అప్పుడు వెలువడింది మేస్త్రీ నోట ఆ మాట. “ఎలాగూ పగలగొడుతున్నాం కదండీ, మొత్తం లేపేద్దాం.”

ఎలాగూ నేల లేచింది కాబట్టి పైపులు. ఎలాగూ గోడ కొట్టారు కాబట్టి వైరింగు. ఎలాగూ ఇల్లంతా దుమ్మే కాబట్టి లప్పం, రంగులు. మా ఆవిడ ఆ మాట కూడా అనలేదు, వంటగది వైపు ఒకసారి చూసిందంతే. ఆ చూపు 90,000. ఉన్నంతలో వాస్తు సిద్ధాంతిగారే నయం. మొహమాటం లేకుండా తలుపు మార్చమన్నారు.

మేస్త్రీల మీద జనంలో ఉన్న అపోహల్ని ఈ సందర్భంగా ఖండిస్తున్నాను. సిమెంటుకి పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుందని ఇంజనీర్లు లెక్క చెబుతారు. మా మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని, ఒకరోజు మాలు కలిపి, ఆ 28 రోజులూ సిమెంటు ఏకాంతానికి భంగం కలగకూడదని మా వీధి ఛాయలకే రాలేదు. ఫోను కూడా ఎత్తలేదు. అంతటి నిష్ఠ!

తర్వాత వాటర్‌ప్రూఫింగ్ పరీక్ష. ట్రాప్‌లో గుడ్డలు కుక్కి, నేల మునిగేలా నీళ్లు పట్టి, మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి రెండు రోజులు ఆగాలి. మట్టం దిగితే ఎక్కడో కారుతున్నట్టే. మర్నాడు పొద్దున్నే చూస్తే గీత ఉంది, నీళ్లు లేవు. మేస్త్రీ ముఖం పాలిపోయింది. నాకు బీపీ. విచారణలో తేలిందేమిటంటే, తెల్లవారుజామున లేచిన మా నాన్నగారు “ఇన్ని నీళ్లు నిలిచిపోతే ఇంట్లో ఒక్కరికీ పట్టదురా” అంటూ గుడ్డలు పీకేశారు. మళ్లీ నింపాం. ఈసారి మట్టం తగ్గలేదు సరికదా, అర అంగుళం పెరిగింది. ఎందుకు పెరిగిందని ఎవరమూ అడగలేదు.

ఏడు నెలలకి పని అయిందన్నారు. హాల్లో ఫ్యాను వంటగది స్విచ్చుతో తిరుగుతోంది, అలవాటైపోయింది. మొన్న పిన్నిగారు వచ్చి, కాఫీ తాగి, ఇల్లంతా కలయజూసి “పని ఎప్పుడు మొదలుపెడుతున్నారు?” అని అడిగారు.

నిన్న సాయంత్రం బాబాయిగారు పైకి వచ్చారు.

“చెమ్మ ఆరిందోయ్. మరక మాత్రం పోలేదు. మీ మేస్త్రీ ఎలాగూ వస్తున్నాడుగా, ఆ అప్పడమంత ముక్కకి రంగు వేయించేస్తే చాలు.”

ఈ ఏడు నెలల్లో నేను మనసారా నవ్వింది అప్పుడే.

“అంతేగా బాబాయిగారూ, రేపే పంపిస్తాను” అన్నాను.