నాలీవుడ్ చరిత్ర 1992లో మొదలుకాలేదు

నాలీవుడ్ అంటే నైజీరియా సినిమా. దాని గురించి ఎవరు రాసినా 1992లో నేరుగా వీడియో క్యాసెట్ మీద వచ్చిన 'లివింగ్ ఇన్ బాండేజ్' సినిమా దగ్గరే మొదలెడతారు. ఈ లెక్క నాకు అస్సలు మింగుడుపడదు. అంతకు పదేళ్ళ ముందే ఒక హాస్యనటుడు చేతిలో ఉన్నదంతా ఊడ్చిపెట్టి సినిమా తీశాడు. దొంగ క్యాసెట్లు దాన్ని తినేశాయి. ఆ సంగతి వదిలేస్తే వీడియో సినిమా ఎందుకు పుట్టిందో సగమే అర్థమవుతుంది.

ఆ హాస్యనటుణ్ణి జనం బాబా సాలా అన్నారు. అసలు పేరు మోసెస్ ఒలాయియా అడెజుమో, పుట్టింది 1936లో. మొదట బ్యాండు నడిపారు. అందులో గిటార్ వాయించిన కుర్రాడే తర్వాత కింగ్ సన్నీ అడే అయ్యాడు. ఆ తర్వాత అలవాడ నాటక సమాజం పెట్టారు. నైజీరియా నైరుతిన యొరుబా భాష మాట్లాడే ప్రాంతంలో అప్పటికే మన సురభి వాళ్ళలా ఊరూరా తిరిగి ఆడే సమాజాలు ఉండేవి. హ్యూబర్ట్ ఒగుండే, డ్యూరో లాడిపో లాంటి ఉద్దండులు పురాణాలు, చరిత్ర, రాజకీయం ఆడేవారు. నవ్వులు మధ్యమధ్యలో వచ్చిపోయేవి. బాబా సాలా నవ్వునే మొత్తం నాటకం చేశారు. ఇబాదాన్ నగరంలోని టీవీ ఆయన్ని ఇంటింటికీ చేర్చింది.

ఆయన వేసే బాబా సాలా వేషాన్ని కోతి వేషమని తీసిపారేసేవాళ్ళు దాని పనితనం చూడలేదు. అద్దాల్లేని పెద్ద కళ్ళజోడు, ఛాతీ మీద పరుచుకున్న బో టై, చేతి గడియారం ఉండాల్సిన చోట అలారం గడియారం. హాల్లో ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కూడా, ఆయన నోరు విప్పకముందే మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది: దొరలా కనబడాలని తాపత్రయపడే పిసినారి ముసలాయన.

1982లో ఆయన ఉన్నదంతా పెట్టి తీసిన ఆ సినిమా, 'ఒరున్ మూరు', వచ్చింది. దర్శకుడు ఒలా బలోగున్, పారిస్‌లో సినిమా చదువుకున్న మనిషి. ఇక్కడ డబ్బు లెక్క చూడాలి. ముడి ఫిల్మ్ విదేశాల నుంచి రావాలి, తీశాక కడగడానికి మళ్ళీ విదేశీ ల్యాబుకే పంపాలి. ప్రింటు ప్రింటుకీ ఖర్చే కాబట్టి చేతిలో ఉండేవి కొన్నే. యొరుబా నిర్మాతలు ఆ కొద్ది ప్రింట్లనే పట్టుకుని, నాటకం ఆడినట్టే, హాలు మాట్లాడుకుని ఊరి తర్వాత ఊరు వేసేవారు. పెట్టుబడి ఒక్క వారంలో తిరిగొచ్చే వ్యాపారం కాదది, నెలల తరబడి టికెట్టు టికెట్టుగా రావాలి.

అలాంటి సినిమాకి ఒక్క వీడియో క్యాసెట్ బయటికి పొక్కితే చాలు. రెండు వీసీఆర్‌లు, ఒక తీగ, సినిమా నిడివంత సమయం. కాపీకి కాపీ తీసేకొద్దీ బొమ్మ మసకబారుతుంది, అయినా హాస్యానికి ఆ బొమ్మ సరిపోతుంది. ప్రింటు ఊరికి చేరేసరికి క్యాసెట్ ముందే చేరి ఉంటుంది. హాలు ఖాళీ. బాబా సాలా అప్పుల్లో కూరుకుపోయారు. 1970 నాటి కాపీరైట్ చట్టం ఉందన్న పేరేగానీ దొంగలకు దానంటే భయం లేదు. గట్టి చట్టం 1988లో గానీ రాలేదు.

"వ్యాపారం తెలియని నటుడు" అని ఆయన్నే తప్పుపట్టేవాళ్ళంటే నాకు కోపం. ఊరూరా తిరుగుతూ ఏళ్ళ తరబడి నాటక సమాజాన్ని పోషించినవాడికి వ్యాపారం తెలియదా? ఆ తర్వాత కూడా 'ఆరే అగ్బాయే', 'మొసెబొలాటన్' తీశారు. 1986 నుంచి నైజీరియా కరెన్సీ నైరా విలువ పడిపోవడంతో ఫిల్మ్ మీద తీయడమే ఎవరికీ అందని పనైంది. అందరూ వీడియోకి మళ్ళారు.

దొంగ క్యాసెట్ల బజారే తర్వాత నాలీవుడ్‌ను ఊరూరా చేర్చిందని కొందరు పండితులు అంటారు. నిజమే, ఆ దారులే పనికొచ్చాయి. కానీ ఆ దారి ఎవరి డబ్బు మీద పడిందో కూడా అదే పేజీలో రాయాలి. 2018 అక్టోబరులో ఆయన పోయినప్పుడు అందరూ "నైజీరియా హాస్యానికి తండ్రి" అని రాశారు. ఆ బిరుదుతో పాటు 'ఒరున్ మూరు' నష్టం కథను కూడా నాలీవుడ్ చరిత్ర మొదటి అధ్యాయంలో చేర్చండి.